ఉప్పు లేని బంగళా కోడి

కవిటి,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక.

అమ్మకు నీ కెజియా వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని చిన్నప్పుడు నువ్వే నేర్పావు కాబట్టి రాశాను. ఎవరెంత క్షేమమో కింద చదువుకో. అక్కడ నువ్వు, ఫిలిప్పు అన్నయ్య, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఖరగ్‌పూర్‌లో చలి మొదలైందని రాశావు. నీ పాత స్వెట్టరు వదిన పాతసామాన్లవాడికి వేయబోతే ఇవ్వకు, గట్టిగా పట్టుకో.

ఫోను ఉండగా ఉత్తరాలేమిటని అన్నయ్య నవ్వుతున్నాడట. ఫోన్లో నీకు సగం వినబడదు. అందుకని అన్నయ్య స్పీకర్ పెడతాడు, మన మాటలు రైల్వే క్వార్టర్స్ అంతా వింటుంది. పైగా నీకు నచ్చని మాట నా నోట వచ్చిందంటే చాలు, ఏడుపు అందుకుంటావు. ఉత్తరంలో అయితే నేను చెప్పాల్సిందంతా చెప్పేదాకా నువ్వు అడ్డు రాలేవు. ఈసారి నాకు అదే కావాలి.

అల్లుడు తింటున్నాడా, అత్తగారు మాట్లాడుతోందా అని అడిగావు. ఆ కింద ఇంకోటి కూడా అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందే చివరి కాగితం తిప్పి చదవకు, నీ అలవాటు నాకు తెలుసు.

ఆయన మొన్నమొన్నటిదాకా తినలేదమ్మా. డయాలసిస్ మొదలైన దగ్గర్నుంచి నోరు చచ్చిపోయింది. ఉప్పు వద్దు. నీళ్లు గ్లాసుతో కొలిచి తాగాలి. కొబ్బరితోటలో పుట్టిన మనిషి కొబ్బరినీళ్లు ముట్టకూడదు. పలాస పక్కనే ఉండి ఒక్క జీడిపప్పు నోట్లో వేసుకోకూడదు. మా వీధిలో ఇలాంటి కిడ్నీ జబ్బు ఇళ్లు చాలానే ఉన్నాయి కాబట్టి, జాలిపడి పలకరించడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. కంచం పెడితే ఆయన గోడకేసి చూస్తూ కూర్చునేవారు. విశాఖలో డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, కోడి, గుడ్లు బాగా పెట్టి ఒంట్లో బలం తెప్పించమని, ఇలాగే ఎండిపోతే తర్వాత తను చేయగలిగేది ఏమీ ఉండదని చెప్పారు.

కోడి వండి పెట్టాను. ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేశారు.

“ఉప్పు లేని కోడి ఏటి తింతాను కెజియా? తడిసిన అట్టముక్క నమిలినట్టుంది.”

“మరేటి తింతారో సెప్పండి.”

“మీ నాన్న బంగళా కోడి పెట్టు. ఉప్పు లేకుండా, ఆ రుసితో. పెట్టినావంటే రోజూ నువ్వేటి పెడితే అది తింతాను. లేదంటే నన్నొగ్గీ.”

“మాట మీద ఉంతారా?”

“ముందు సెయ్యి సూద్దాం,” అన్నారు, గోడకేసి తిరిగి పడుకుని.

నాన్న కోడి సంగతి నీకు నేను చెప్పాలా అంటావు. చెప్పాలి. నువ్వు ఆ ఇంట్లోనే ఉండి కూడా దాన్ని సరిగ్గా చూడలేదు. తాత టెక్కలి మిషను బంగళాలో వంటవాడు. దొరసాని కోడిముక్కల్ని మజ్జిగలో నానబెట్టి, పిండిలో దొర్లించి వేయించడం ఆయనకు నేర్పింది. ఆవిడ ఓడెక్కి వెళ్లిపోయాక తాత అందులో మిరియాలు, వాము, పిప్పళ్లు వేసి మన నోటికి తగ్గట్టు మార్చాడు. నాన్న దాన్ని బస్టాండు దగ్గర బండెక్కించాడు. అందులో ఎన్ని దినుసులున్నాయో అని కండక్టర్లు పందాలు కాసేవారు. నాన్న తెల్లారగానే వంటగది తలుపు గడియ వేసుకుని మసాలా కలిపేవాడు. కోడి కడగడం నీది, కట్టెలు తేవడం నాది. లోపలికి మాత్రం మనం రాకూడదు. “ఆడోళ్లకి సెప్తే మసాలా అత్తారింటికి పోద్ది” అనేవాడు. నువ్వు ఏ అత్తారింటికి పోతావని నీకూ చెప్పలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పోయేముందు పెదనాన్న కొడుకు సైలసన్నయ్యను పిలిపించి చెవిలో చెప్పాడు. చెప్పేముందు నన్ను గదిలోంచి పంపించేశాడు. ఫిలిప్పు అన్నయ్య రైల్వేలో చేరిపోయాడు, వాడికి అక్కర్లేదు. నాకు కావాలి. నన్నెవరూ అడగలేదు.

సరే, ఇప్పుడు అవసరం వచ్చింది కదా అని టెక్కలి వెళ్లాను. సైలసన్నయ్య కొట్టు బాగానే నడుస్తోంది. ‘అసలైన బంగళా కోడి’ అని బోర్డు, దాని మీద నాన్న ఫొటో. కూల్‌డ్రింకు తెప్పించాడు, బావ ఎలగున్నాడని అడిగాడు. నేను వచ్చిన పని చెప్పగానే ముఖం మారిపోయింది.

“సిన్నాన్నకి మాటిచ్చినానే. ఆడపిల్లకి సెప్పకూడదు. కలిపిన మసాలా పొట్లం కట్టిత్తాను, పట్టుకుపో.”

“అందులో ఉప్పు కలిపేసుంటది కదన్నయ్యా.”

“ఉప్పు లేకుండా మసాలా ఏటి?”

“ఆ ఉప్పు మీ బావని సంపేత్తది. దినుసులు సెప్పు సాలు, నాను సేసుకుంతాను.”

“అయితే తినడం మానీమను. కోడి తినకపోతే మనిషి బతకడేటి?”

ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. కూల్‌డ్రింకు అలాగే వదిలేసి వచ్చేశాను. నాకూ ముక్కు ఉంది, నాలుక ఉంది. ఆ బండి పక్కన పెరిగినదాన్ని. వాడు చెవితో విన్నది నేను ముక్కుతో పట్టుకోలేనా అనుకున్నాను.

పట్టుకున్నాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ కొట్టు వాసన ముక్కులో నిలుపుకుని ఒక్కొక్క దినుసూ విడదీశాను. మిరియాలు, వాము, పిప్పళ్లు నాకు ముందే తెలుసు. వాటి వెనక జాజికాయ, శొంఠి, కొద్దిగా తోకమిరియాలు దొరికాయి. ముక్క పైపొర అంత కరకరలాడేది జీడిపప్పు పొడి వల్లనేమో అని నందిగాం నుంచి జీడిపప్పు నూక తెప్పించి కలిపాను. ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయికి ఈ సంగతి తెలిసి, నన్ను అందరి ముందూ కడిగేసింది. జీడిపప్పు తీసేసి బియ్యప్పిండి వేశాను. మసాలా పొడి వాసన నాన్న చొక్కా వాసనంత సరిగ్గా కుదిరింది. రుచి మాత్రం రాలేదు.

“బాగుందమ్మా, కానీ తాతయ్యది కాదు,” అంటుంది నీ మనవరాలు జాయ్ ప్రతిసారీ. ఆయనైతే చప్పగా ఉందని కూడా అనరు, కంచం జరిపేస్తారు. ఎన్ని కోళ్లు పాడు చేశానో అడగకు. సైలసన్నయ్య దగ్గరికి మళ్లీ వెళ్లమని ఫిలిప్పు అన్నయ్య ఫోన్లో సలహా ఇచ్చాడు. చచ్చినా వెళ్లనన్నాను.

ఇప్పుడు అత్త సంగతి. మాట్లాడుతోంది. తిడుతోంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఏసు గుడికి పోయే కోడలినని నా చేతి నీళ్లు ముట్టని మనిషి, కొడుక్కి జబ్బు చేశాక తన పొయ్యి, తన తరవాణి కుండ ఎత్తుకుని మా వాటాలోకి వచ్చేసింది. తిట్టడమూ మాట్లాడటమే కదా, నాకు అదీ బాగానే ఉంది.

ఒకరోజు కోడి తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టమని అత్తకు చెప్పి, ఆయన్ని డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఫ్రిజ్‌లో కోడి లేదు. చూస్తే తరవాణి కుండలో మునిగి ఉంది.

“ఏటత్తా ఇది!”

“కరెంటు పోనాది. కోడి పాడైపోద్దని పులిసిన గంజిలో ఏసినాను. సేపలకైతే ఎయ్యమేటి?”

“అందులో ఉప్పేసినారేటి?”

“నా కొడుకు కూటిలో ఉప్పేత్తానేటి నాను?” అని నా మీదకి లేచింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అలా అడిగినందుకు నాకే సిగ్గేసింది.

పారేయడానికి మనసొప్పక ఆ ముక్కల్ని వడగట్టి, నా మసాలా పట్టించి, పిండిలో దొర్లించి నూనెలో వేశాను. నూనె చిటపటలాడటం మొదలైందో లేదో, అమ్మా, నాన్న బండి వచ్చి మా వంటింట్లో నిలబడింది. జాయ్ పుస్తకం పడేసి పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న తలుపు గడియ వేసుకునే ముందు ప్రతి పొద్దూ ఒక మాట అనేవాడు, “కుండ ఇలాగందీ” అని. నువ్వు తరవాణి కుండ అందించేదానివి. తలుపు పడేది. నాన్న లోపల తరవాణి తాగుతాడనుకున్నావు నువ్వు. నేనూ అదే అనుకున్నాను. దొరసానికి మజ్జిగ ఉంది. పాడి లేని తాతకు ఇంట్లో పుల్లగా ఉన్నదల్లా ఆ కుండే. బస్టాండంతా లొట్టలేసుకుని తిన్న రుచి నువ్వు రోజూ గంజి పోసి, నీళ్లు మార్చి, ఎండాకాలం తడిగుడ్డ కప్పి నిలిపిన ఆ కుండలోది. ఆ పులుపు ముక్కలోకి ఎక్కితే ఉప్పు లేదన్న సంగతే నాలుకకు గుర్తు రాదు.

నాన్న దాన్ని సైలసన్నయ్యకు కావాలని చెప్పకుండా దాచాడని నేను అనుకోను. చెప్పాలని తోచి ఉండదు. గడియ వేసి కాపాడిన దినుసులన్నీ లెక్కపెట్టి చెప్పాడు, నీ కుండ ఆయన లెక్కలోకే రాలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. చనిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటావు. నేను పెట్టుకుంటాను, కొన్నాళ్లు పోయాక నేనే తీసేస్తాను.

ఆయన ముందు కంచం పెట్టాను. ముక్క తీసి కొరికారు. నమలడం ఆపి నా వైపు చూశారు.

“ఉప్పేసినావు.”

“మీ అమ్మనడగండి.”

అత్త గుమ్మంలోంచే లేదని చెయ్యి తిప్పింది. “దొరికేసిందా,” అన్నారు మెల్లగా, ఓడిపోయిన మనిషిలా. తర్వాత ఇంకో ముక్క అందుకున్నారు. అత్త కూడా వచ్చి నేను వేయించిన మూకుట్లోంచి ఒక ముక్క తీసుకుని తింది. నా చేతిది తినడం అదే మొదలు.

వేపుడు ఎప్పుడో ఒకసారి పెట్టమన్నారు డాక్టరు గారు, అలాగే పెడుతున్నాను. మిగతా రోజుల్లో గుడ్డయినా, ఉడికించిన కోడయినా మాట ప్రకారం తింటున్నారు. బుగ్గలు కాస్త పైకి వచ్చాయి.

ఆ వారమే డబ్బాలో నాలుగు ముక్కలు పెట్టుకుని టెక్కలి వెళ్లాను. సైలసన్నయ్య ఒకటి తిన్నాడు. గల్లాపెట్టె మూసి రెండోది తిన్నాడు. “ఏటేసినావే ఇందులో? సిన్నాన్న సేతిదిలాగే ఉంది!” అన్నాడు.

“మగపిల్లలకి సెప్పకూడదన్నయ్యా,” అని డబ్బా మూత పెట్టుకుని వచ్చేశాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. నువ్వు కూడా కాసేపు నవ్వుకో, కింద రాసేది చదివితే నవ్వవు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. ‘వాళ్లవైపు ఎవరైనా కిడ్నీ ఇస్తారేమో చూడండి, నువ్వు మాత్రం ఆ మాట ఎత్తకు, నీకూ ఓ పిల్ల ఉంది’ అని రాశావు. అందరికంటే ముందు అత్తే ఇస్తానంది. బీపీ ఉందని డాక్టర్లు వద్దన్నారు. మీ అల్లుడి అన్నగారికి పరీక్ష చేస్తే ఆయన కిడ్నీలకే దెబ్బ తగిలి ఉందని బయటపడింది. ఇంకెవరూ లేరు. నేను చేయించుకున్నాను. సరిపోయింది.

నేను ఇస్తున్నానమ్మా. అడగడం లేదు, చెబుతున్నాను. కిడ్నీ ఇవ్వడానికి అనుమతిచ్చే కమిటీ వాళ్లు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. “వద్దనే బలవంతం చేస్తున్నారు సార్, ఇవ్వమని కాదు,” అన్నాను. వాళ్లు నవ్వారు.

ఆ వద్దన్నవాళ్లలో మొదటివాడు నీ అల్లుడే. ఒంట్లో బలం లేకపోతే ఆపరేషన్ చేయరని డాక్టరు చెప్పింది ఆయన చెవిన పడింది. అందుకే ఆ తినే కాస్తా మానేశారు. బంగళా కోడి ఎందుకు అడిగారో తెలుసా? రెండో ముక్క తిన్నాక ఆయనే చెప్పారు. “నీకది దొరకదనే అడిగినాను కెజియా. నీ ఒంట్లోంచి కోసి నాకు పెట్టడం నాకు ఇట్టం లేదు,” అని. నేను కంచంలో మూడో ముక్క వేశాను. మాటిచ్చారు కదా, తిన్నారు. మా ఇద్దరి మధ్యా ఆ తగువు అక్కడితో తీరిపోయింది.

నాకు భయం లేదని రాయను. స్కానింగ్ గదిలో పడుకుంటే నువ్వు నేర్పిన కీర్తన ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు. కిడ్నీలు పాడుచేస్తాయంటున్న ఈ ఊరి నీళ్లే నేనూ ఇన్నేళ్లు తాగానని నీ భయం. అది డాక్టర్లకూ ఉంది, అందుకే అన్ని పరీక్షలూ రెండుసార్లు చేశారు. నా కిడ్నీలు రెండూ బాగున్నాయట. రెండింట్లో ఒకటి ఆయనది అనుకో. నువ్వు ఏడిస్తే ఏడువు, కానీ ఆ ఏడుపుతో నన్ను ఆపలేవు. మన ఇంట్లో నన్ను గదిలోంచి పంపేసి అన్నీ తేల్చేసిన రోజు ఒకటుంది. మళ్లీ అలా జరగనివ్వను.

క్రిస్మస్ వెళ్లగానే ఆపరేషన్. ఆస్పత్రి నుంచి వచ్చాక మేమిద్దరం కొన్నాళ్లు బరువులెత్తకూడదు. అత్త ఒక్కర్తీ మా ఇద్దరికీ, జాయ్‌కీ చేయడం కష్టం. ‘మీ అమ్మ కుండ ఎలాగ నిలిపేదో అడుగు, నాది ఒక్కోపాలి మరీ పులిసిపోతంది’ అంది మొన్న. నీ గురించి ఆవిడ నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

నన్ను వద్దనడానికైతే రాకు. కుండ నిలపడానికైతే ఈస్ట్ కోస్టు రైలెక్కి రా, పలాసలో జాయ్ వచ్చి దింపుకుంటుంది. మా వంటగదికి తలుపు లేదు, ఉన్నదల్లా పాత చీర పరదా. అదీ నువ్వు వచ్చేలోగా తీసేస్తాను.

ఇట్లు,
నీ మాట వినని, నీ కుండ మరవని కూతురు,
కెజియా