మారో అంటే

పెన్‌పహాడ్ తండా,
12-12-1991

చిరంజీవి జైరాంకు బాపు రాందాస్ వేయి దీవెనలు. ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. పటాలంలో నువ్వూ అట్లే ఉండాలని మీ అమ్మ రోజూ దండం పెడుతోంది.

కొడకా, సంతోషం పట్టలేక రాస్తున్నాను. మీ పెద్దబాపు భీమ్లా నిన్న సూర్యాపేట దవాఖానలో కళ్లు తెరిచాడు. నోరు తెరవగానే "ఎద్దు దొరికిందా?" అన్నాడు. తలనిండా కుట్లు పడ్డా తప్పిపోయిన ఎద్దును మరవలేదు. నేను నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను. ఇక చాలని నర్సమ్మ నన్ను బయటికి పంపింది.

నీ ఉత్తరంలో రెండు సంగతులు రాశావు. పెద్దబాపును కొట్టినవాడి పేరు, ఊరు చెప్తే సెలవు మీద వచ్చి నరుకుతానన్నావు. బీయే చదివితే ఏమొస్తది, నౌకరీ కూడా రాదు, చెల్లె నీలాను కాలేజీ మాన్పించమన్నావు. రెండో దానికి ముందు జవాబు రాస్తాను.

ఆ ఆదివారం వడ్లు వేసుకొని తండావాళ్లం మిర్యాలగూడ రైస్‌మిల్లుకు పోయాం. నీలా కూడా బండెక్కింది. మిల్లు ముందు ఇంకెవరి బండికో కట్టిన ఎర్ర ఎద్దును చూసి, అది మనదేనని మీ పెద్దబాపు ముల్లుకర్ర ఎత్తి "మారో, మారో" అని అరుస్తూ ఉరికాడు. ఆ బండి మనిషి ఇనుప రాడ్డుతో నెత్తి పగలగొట్టాడు. నెత్తురు వడ్ల మీద పడి గింజలు ముద్దకట్టాయి. మనవాళ్లు కట్టెలు, వాళ్లవాళ్లు పారలు అందుకున్నారు. ఒకడి పళ్లు రాలాయి. ఇంకొకడి చెవి తెగి వేలాడింది.

ఆ నడుమకు నీలా దూరింది. రాడ్డు మనిషి అప్పటికే కిందపడి మూలుగుతున్నాడు. ఎందుకు కొట్టావని అతడిని అడిగింది.

"కర్రెత్తి మారో మారో అంటూ మీదికొచ్చాడమ్మా. కొట్టమనేగా?"

ఉర్దూ తెలిసినవాళ్లకు అట్లే వినిపిస్తుంది మరి. నీలా తల పట్టుకుంది. "మా బాసల మారో అంటే నాది. ఎద్దును జూసి నాది, నాది అన్నడు."

కట్టెలు కిందికి దిగాయి. నీలా అక్కడితో ఊరుకుందా? ఎద్దు దగ్గరికి పోయి చెవి పట్టి చూసింది. మన ఎద్దు చెవి చీలి ఉంటుంది కదా. "గిది మనది గాదు" అని అందరికీ వినబడేటట్టు చెప్పింది. మీ మేనమామ మండిపడి, "నువ్వు ఎవల పిల్లవే?" అన్నాడు.

"నీ కోడలినే మామా. అయినా చెవి చీలి లేదు."

ఇదంతా ఎక్కడ నేర్చావు బిడ్డా అని తర్వాత అడిగాను. రాజు గెలిచాడని పుస్తకంలో ఉంటే, అది రాసిందెవరు, ఓడినవాడు ఏమన్నాడు అని అడగమంటాడట వాళ్ల చరిత్ర సారు. మనవాళ్ల మాటనైనా అట్లే అడగాలట. నౌకరీ వస్తుందో రాదో నాకు తెలియదు జైరాం. కట్టెల నడుమ నిలబడి అవతలివాడి మాట వినడం వచ్చింది. నా కడుపు నిండిపోయింది.

ఇగ మొదటి సంగతి. నీకు ఫోను చేయించినప్పుడు సగమే చెప్పించాను. ఆ మనిషిని కింద పడేసింది నేనే. అన్న నెత్తురు చూసి బండిలోని గొడ్డలి తీశాను. మొదటి దెబ్బకు వాని భుజం ఎముక విరిగింది. కిందపడి నీలాకు అతడు జవాబు చెప్తుండగానే రెండో దెబ్బ మెడకని ఎత్తాను. నీలా గొడ్డలి అంచును చేత్తో పట్టుకుంది. తెగిన వేళ్ల నెత్తురు నా ముఖం మీద కారుతుంటే అడిగింది.

"బాపూ, ఆయన ఏమన్నడో నువ్వు ఇన్నవా?"

నేను వినలేదు కొడకా. ఏమీ వినలేదు.

వాని పేరు జగదీశ్. ఊరు కోదాడ పక్కన. ఇప్పుడు మీ పెద్దబాపు పక్క మంచం మీదనే ఉన్నాడు. కుడి చేయి లేవదు, వాళ్లమ్మ అహల్య అన్నం తినిపిస్తోంది. నీలాను మాత్రం నేను కాలేజీ మాన్పించను. సెలవు దొరికితే రా. చెల్లెను వెంటబెట్టుకొని దవాఖానకు పో. ముందు అతడు చెప్పేది విను. విన్నాక కూడా నరకాలనిపిస్తే, ఎముక విరగ్గొట్టినవాడు ఇంట్లోనే ఉంటాడు. నాతో మొదలుపెట్టు.

ఇట్లు
బిడ్డను చూసి మురిసిపోతున్న
మీ బాపు, రాందాస్