మండలం రోజుల గడ్డం

12 ఫిబ్రవరి 2008, షామ్‌బర్గ్, అమెరికా

ఇంగ్లండ్‌లో పుట్టి మా టీమ్‌లో చేరిన సిక్కు యువకుడు జస్పాల్‌ను మేనేజర్ రమణ రేపటి క్లయింట్ మీటింగ్ నుంచి తప్పించాడు.

“ఆ తలపాగా తీసేసి, గడ్డం ట్రిమ్ చేసుకుంటే పంపిస్తానని మీరే చెప్పండి, మాస్టారూ” అన్నాడు నాతో, జస్పాల్ ఎదుటే, తెలుగులో.

మొన్న డిసెంబరులో ఇదే రమణ అయ్యప్ప మాల వేసుకుని, నల్లబట్టలతో, పెరిగిన గడ్డంతో, చెప్పులు లేకుండా ఆఫీసంతా తిరిగాడు. అందరమూ ‘స్వామీ’ అనే పిలిచాము.

“మీ గడ్డం తీయమని ఎవరైనా అన్నారా?” అని అడిగాను.

“మాది మండలం రోజులే కదండీ” అని నవ్వాడు.

మాట అర్థంకాని జస్పాల్ మా ముఖాలు చూస్తూ నిలబడ్డాడు.

రాత్రి కళాశాలలో చదివి పట్టా సంపాదించినవాణ్ణి. ఇలాంటి కబురు మోయడానికి కాదు. అతడు లేని మీటింగుకు నేనూ రానని చెప్పి వచ్చాను.

నా వీసా పొడిగింపు రమణ చేతిలోనే ఉన్నది. ఉండనీ...