అమ్మ మోకాళ్ళ కోసం ప్రార్థన

శుక్రవారం రాత్రి, మట్టెవాడ

అమ్మ పోయినంక మా ఇంట్ల ఇయ్యాలనే మొదటి ప్రార్థన కూడిక. దవాఖానల అమ్మ పక్కన వంతులేసుకొని కూసున్న సంఘపోళ్ళంత వచ్చిన్రు. వాళ్ళు లేకుంటే నేనేమైపోదునో దేవునికే ఎరుక.

ఆఖరి ప్రార్థన శాంత చిన్నమ్మ చేసింది. ఏండ్ల సంది నోటికి అలవాటైన మాట. "ప్రభువా, మా ఎస్తేరక్క మోకాళ్ళు ముట్టయ్యా, లేచి నడిచేటట్టు చెయ్యయ్యా" అన్నది. ఎవ్వరూ ఆపలే. అందరం ఆమెన్ అన్నం. అందరికన్న గట్టిగ నేనే అన్న.

కండ్లు తెరిచినంక చిన్నమ్మ నాలుక కరుచుకున్నది. "మాఫ్ చెయ్యి బిడ్డా" అనుకుంట నా చెయ్యి పట్టుకున్నది.

"ఏం కాదు చిన్నమ్మా" అన్న.

అందరు పోయిన్రు. నేనన్న ఆమెన్ ఇంకా చెవులల్లనే ఉన్నది. తలుపుకు గడియ పెట్టబుద్ధి అయితలేదు.