లీలక్క గొంతు

ఆగస్టు 3, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు శామ్సన్ అయ్యగారు నన్ను ఆపారు. మా ఎర్రగడ్డ సంఘంలో చూపు తగ్గి బైబిల్ చదువుకోలేని పెద్దవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారట. వాళ్ళు ఫోన్‌లో వినడానికి మత్తయి సువార్త నా గొంతుతో రికార్డు చేసిమ్మన్నారు. దేవుడిచ్చిన గొంతే కదా, ఆయనకే కానుకగా ఇవ్వమ్మా అన్నారు.

వెంటనే సరేనన్నాను. పదేళ్ళుగా డబ్బింగ్‌లో ఎవరెవరి ఏడుపులో ఏడ్చాను. ఇది మాత్రం నా కోసం నేను చేసుకునే పని.

ఆగస్టు 6, బుధవారం, మధ్యాహ్నం

ఫిల్మ్ నగర్ స్టూడియోలో లంచ్ టైమ్. బూత్ ఖాళీగా ఉందని ఇంజినీర్ సాయిశ్రీనివాస్ అరగంట వాడుకోమన్నాడు. నాలుగు అధ్యాయాలు ఎక్కడా తడబడకుండా చదివాను. ఐదో అధ్యాయంలో ఆగిపోయాను.

కానుక తెచ్చినవాడికి, తన వల్ల ఎవరైనా బాధపడి ఉన్నారని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళమని చెప్పే చోటు. మొదటిసారి గొంతు జారింది. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి మాట శుభ్రంగానే వచ్చింది, నేనే ఆపేశాను. మైక్ ప్రాబ్లమా మేడమ్ అన్నాడు సాయి.

మైక్ బాగానే ఉంది.

అదే రోజు, సాయంత్రం

రాసేస్తాను. ఇది ఎవరూ చదవరు.

లీలాకుమారి గారు నాకు డబ్బింగ్ నేర్పిన మనిషి. రాజమండ్రి ఆవిడ. నేను భీమవరం నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్న కొత్తల్లో, తెర మీద పెదవి ఎక్కడ మూసుకుంటుందో చూడమని, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో పక్కన నిలబడి నేర్పింది. అందరికీ లీలక్క.

పోయిన డిసెంబరులో ఆమెకు మూడు రోజులు జలుబు చేసింది. డబ్బింగ్ ఇన్‌చార్జ్ రవిచంద్ర అన్న నన్ను అడిగాడు, అక్క గొంతు ఎట్లుంది అని. జలుబు అంటే సరిపోయేది. నేను, "గొంతులో ఏదో వచ్చిందట అన్నా. ఎక్కువ మాట్లాడొద్దన్నారట డాక్టర్" అన్నాను.

రెండు 'ట'లు. ఎవరో అంటే విన్నట్టు. అననివాళ్ళ నోట్లో పెట్టిన మాట.

మర్నాడే ఆమె చెప్పే సీరియల్లో అమ్మ పాత్ర నాకొచ్చింది. ఆ మాట మిగతా స్టూడియోలకూ పాకింది. ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క ఆదివారం కూడా మందిరం మానలేదు నేను.

ఆగస్టు 7, గురువారం

బెన్‌హర్‌కి చెప్పాను. ఆమెకు అసలు తెలియనే తెలియదు కాబట్టి ఆమెకు నీ మీద ఏ బాధా లేదు, ఆ వాక్యం నీకు వర్తించదు అన్నాడు. మా ఆయన ఎడిటింగ్‌లోకి కాకుండా లాయర్ పనిలోకి వెళ్ళాల్సింది.

ఆగస్టు 9, శనివారం

వెళ్ళాను. బెన్‌హర్ అలిగాడు, అయినా బైక్ తీశాడు. యూసఫ్‌గూడలో ఆమె ఇంటి కింద దింపి, నేనిక్కడే ఉంటా అన్నాడు.

నిన్న వరలక్ష్మీ వ్రతం. గుమ్మానికి మామిడాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. లీలక్క నన్ను చూసి సంతోషపడింది. గుసగుసగా మాట్లాడుతోంది. పక్క గదిలో ఎవరో పడుకున్నారేమో అనుకున్నాను. ఎవరూ లేరు.

పులిహోర పెట్టబోయింది. వద్దక్కా, ముందు ఒక మాట చెప్పాలి అన్నాను. దారంతా వరసగా పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. రవిచంద్ర అన్న అడిగింది, నేను అన్నది. 'ట'లతో సహా.

కోప్పడుతుందనుకున్నాను. అదే గుసగుసతో, "అయితే నా గొంతు బాగానే ఉందా?" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పిలుపులు ఆగిపోతే, తన గొంతే పాడైందనుకుందట. నలుగురూ మొహమాటపడి చెప్పడం లేదనుకుందట. ఇద్దరు డాక్టర్లు ఏమీ లేదన్నా నమ్మలేదట. ఉన్న కాస్త గొంతూ పోకుండా గట్టిగా మాట్లాడటం మానేసింది. నిన్న వ్రతానికి కూడా పాట పాడలేదట.

నేను లాక్కున్నది పని అనుకున్నాను ఇన్నాళ్ళూ.

క్షమించక్కా అన్నాను. ఆమె లేచి పులిహోర గిన్నె మీద మూత పెట్టింది. "వెళ్ళవే అమ్మాయ్. ఇప్పుడు నిన్ను చూడలేను" అంది.

ఆ మాట మాత్రం గట్టిగానే అంది. నిండు గొంతు. కిందికి వినపడిందని బెన్‌హర్ అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

అయ్యగారితో అంతా చెప్పాను. సంఘం ముందు నిలబడి ఒప్పుకోమంటారా అని అడిగాను. వద్దమ్మా అన్నారు. అక్కడ చెబితే నీకు తేలికవుతుంది, అందరూ నీ కోసం కళ్ళు తుడుచుకుంటారు, ఆమెకేం ఒరుగుతుంది? అబద్ధం ఎవరితో చెప్పావో నిజం కూడా వాళ్ళతోనే చెప్పాలి అన్నారు. ప్రార్థన చేశారు. చిన్న ప్రార్థన.

ఆగస్టు 12, మంగళవారం

రవిచంద్ర అన్న టీ తాగుతుంటే చెప్పాను. గ్లాసు పక్కన పెట్టాడు.

"గిదేంది ఫెబా? నేను నీ మాట నమ్మి ఆమెను పక్కకు వెట్టిన. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలే. బీమారున్న మనిషికి లేదని ఎట్ల చెప్పాలె అని ఎత్తలే."

నా తప్పే అన్నా అన్నాను. ఇప్పుడెందుకు చెప్తున్నవ్ అన్నాడు. వాక్యం గురించి చెప్పబోయి ఆగాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నట్టు అనిపించింది. ముందే చెప్పాల్సింది అన్నా, అంతే అన్నాను.

గ్లాసులో మిగిలిన టీ పారబోశాడు. తర్వాత, "రేపటి సంది రాకు. నేను పిలుస్త" అన్నాడు. పిలవడని ఇద్దరికీ తెలుసు.

మెట్లు దిగుతుంటే ఏడుపొస్తుందేమో అని చూసుకున్నాను. రాలేదు. ఆకలేసింది.

ఆగస్టు 20, బుధవారం

ఫోన్ మోగట్లేదు. మాట పాకినట్టుంది. ఈసారిది నిజం కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

ఐదో అధ్యాయం ఇంట్లోనే చదివాను. బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య ఫోన్ పెట్టి, బయటి ఆటోల చప్పుడు ఆగినప్పుడల్లా కాస్త కాస్తగా. ఆ చోటు వచ్చింది, దాటింది. గొప్పగా ఏమీ రాలేదు. తప్పుల్లేకుండా వచ్చింది.

బెన్‌హర్ ఏమీ అనట్లేదు. అనకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను.

ఆగస్టు 28, గురువారం

సీరియల్లో అమ్మ కొడుకుని తిట్టింది. లీలక్క. నా కంటే ఎంత బాగా తిట్టిందో!

సెప్టెంబరు 3, బుధవారం

లీలక్క ఫోన్. ఎలా ఉన్నావని అడగలేదు. "రేపు తొమ్మిదింటికి గుంపు సీనుంది. పది మందిని తెమ్మన్నారు. తొమ్మిది మందే దొరికారు." పెట్టేసింది.

సెప్టెంబరు 4, గురువారం

సంతలో నిప్పంటుకునే సీన్. పది మందిమి రెండు మైకుల చుట్టూ నిలబడి గంటసేపు కేకలు పెట్టాం. నేను వెనక వరసలో. లీలక్క నా వైపు చూడలేదు. బ్రేక్‌లో అందరికీ టీ పంచుతూ నాకూ ఒక గ్లాసు ఇచ్చింది.

ప్లే చేసి వినిపించారు. అందులో నా గొంతు ఏదో నాకే తెలియలేదు.