వాసన చూసే ఉద్యోగం

అక్టోబర్ 13, సోమవారం

సీజన్ అంతా మొహం చాటేసిన వాన, రైతులు కాయ పీకి కుప్ప వేసుకున్నాక పడింది. మా నేలకు ఇది మామూలే. తడిసీ తడవని శనక్కాయల నుంచి ఒలిచిన గింజలు ఈ రోజు నలభై మూటలు దిగాయి. పాసా, రిటర్నా అన్నది నేను చెప్పాలి. మూట విప్పి, గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ముక్కిన వాసన వస్తే వెనక్కి. కంబదూరు రోడ్డులోని ఈ చిక్కీ యూనిట్లో పదకొండేళ్ళుగా నా పని అదే. ఓనర్ హరినాథ్ సార్ ఎవరొచ్చినా "భారతి మేడం, మా యూనిట్ ముక్కు" అని పరిచయం చేస్తాడు.

ఆ ముక్కు కరోనా రెండో వేవ్‌లో పోయింది. నాలుగేళ్ళయినా తిరిగి రాలేదు. మల్లెపూలూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. చెబితే ఉద్యోగం ఉండదు. లహరి ఇంజనీరింగ్ చివరి ఏడాది.

ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది కదిరమ్మ మొహం చూసి. గింజలు ఏరే బల్లకు మొదట్లో కూర్చుంటుంది. మూట విప్పగానే ఆమె మొహం ముడుచుకుంటే రిటర్న్, లేకపోతే పాస్. నేను అలా చూస్తానని ఆమెకు తెలుసో లేదో.

ఈ రోజు కదిరమ్మ రాలేదు. గొర్రెలకు రోగమట, మూడు రోజులు సెలవు. రంగు చూశాను. నాలుగు గింజలు నమిలాను, చేదు తగల్లేదు. నలభై మూటలూ పాస్.

అక్టోబర్ 16

కదిరమ్మ వచ్చింది. ఆ మూటల్ని గోడౌన్ గిరి ఆమె వెనకే గోడవారగా పేర్చాడు. ఇంటికి పోయేటప్పుడు, ఆ అడుగు మూటలు ఒకసారి చూడక్కా అంది. చూసే కదా దించింది అన్నాను. నా గొంతు నాకే గరుగ్గా వినిపించింది.

అక్టోబర్ 27, మధ్యాహ్నం 1.20

కంప్లయింట్. ఏరే బల్ల దగ్గరి గంగాదేవి, మరో నలుగురు. గంగాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మాట్లాడింది. కదిరమ్మ పక్కన కూర్చుని అన్నం తినలేకపోతున్నారట. ఒళ్ళంతా కంపట. ఆయమ్మ ఊరికి నీళ్ళ ట్యాంకరు వచ్చేదే నాలుగు రోజులకొకసారి, పడుకునేది గొర్రెల దొడ్డి పక్కన, ఇంక స్నానం యాడ చేస్తాది అని ఒకామె. మిగతావాళ్ళు తలలూపారు.

వెళ్ళి కదిరమ్మ పక్కన పది నిమిషాలు కూర్చున్నాను. ఏరే చేతులు చూశాను. గోళ్ళు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. గాలి పీల్చాను. నాకు గాలే వచ్చింది.

అక్టోబర్ 29

హరినాథ్ సార్ పిలిచాడు. గంగాదేవి ఆయన దాకా పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆడవాళ్ళ మధ్య వంద ఉంటాయి, వాళ్ళ మాట మీద ఒక మనిషిని అవమానించలేను అన్నాడు. నువ్వు చెప్పు, నువ్వు లేదంటే వాళ్ళందరికీ నేనే గడ్డి పెడతాను అన్నాడు.

ఎంత సులువు. లేదు సార్ అంటే అయిపోయేది. కానీ ఐదుగురికి వస్తున్న వాసన ముక్కు అని పేరుపడ్డదానికి రాలేదంటే? ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. నా ప్రాణం నా ముక్కు మీదే ఉంది.

వస్తోంది సార్, అన్నాను.

సరే, ఆడమనిషివి, మెల్లగా నువ్వే చెప్పు అన్నాడు.

అక్టోబర్ 30

ఇలాంటివి ఎలా చెప్పాలో ఫోన్లో వెతికాను. ఒంటరిగా పిలవాలట, సూటిగా చెప్పాలట, మనసు నొప్పించకూడదట. అన్నీ పాటించాను. స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టి టీ తెప్పించాను. కొత్త సబ్బు కూడా పెట్టాను. కదిరమ్మ తల వంచుకుని మొత్తం విన్నది. కోపం రాలేదు, వాదించలేదు. ఒక్కటే అడిగింది.

"నీకూ వచ్చిందా అక్కా?"

"వచ్చింది."

చాలాసేపు నా మొహమే చూసింది. దీనికి నా సంగతి తెలుసు అనుకున్నాను. తెలిసీ బయటపెట్టకుండా పోతోంది అనుకున్నాను. టీ తాగలేదు. సబ్బు తీసుకుంది.

నవంబర్ 3

కదిరమ్మ రాలేదు.

నవంబర్ 5

రాలేదు. ఫోన్ స్విచాఫ్.

నవంబర్ 8

అన్నం కలుపుతుంటే, బస్సులో నిలబడితే, తల దువ్వుకుంటుంటే అదే మాట. నీకూ వచ్చిందా అక్కా. వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను. పొద్దున కిరోసిన్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్ళు మండాయి, అంతే.

నవంబర్ 10

కదిరమ్మ రావడం మానేసి వారమైనా కంపు పోలేదు. ఇంకా పెరిగిందని గంగాదేవే చెప్పింది. గిరి గోడవార మూటలు లాగాడు. అడుగు వరస మొత్తం చెమ్మ. విప్పితే గింజలు గడ్డలు కట్టి, పచ్చగా నల్లగా బూజు. అందరూ దూరం జరిగారు. నేను జరగలేదని గుర్తొచ్చి నేనూ జరిగాను.

ఇదే గదక్కా ఆ కంపు, ఆయమ్మను ఉత్తపుణ్యానికి అంటిమే, అన్నాడు గిరి. గంగాదేవి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

నువ్వు చూసినప్పుడు బాగానే ఉండె గదా అని సార్ అడిగాడు. బాగానే ఉన్నాయి, రేకు కారి తడిసినట్టున్నాయి అన్నాను. అబద్ధం ఇప్పుడు అడక్కుండానే నోట్లోకి వస్తోంది. కదిరమ్మను వెనక్కి పిలవమన్నాడు.

నవంబర్ 16, ఆదివారం

కదిరమ్మ ఊరికి వెళ్ళాను. ఇంటి ముందు అత్త లక్ష్మీనరసమ్మ కూర్చుని ఉంది. పలకరించగానే మొదలుపెట్టింది. కోడలికి ఏం పట్టిందో, పూటకు మూడు బిందెలు పోసుకుంటాందట. ట్యాంకరు నీళ్ళు తాగడానికి మిగలడం లేదట. గొర్రెల్ని కూడా మరిది దొడ్లోకి తోలేయించిందట.

కదిరమ్మ తడి జుట్టుతో వచ్చింది. అరుగు మీద నాకు దూరంగా, ఆ చివర కూర్చుంది. రెండు చేతులూ పీచుతో రుద్దీ రుద్దీ తోలు లేచిపోయి ఉన్నాయి. చూడలేకపోయాను.

మూటల సంగతి చెప్పాను. విన్నది. మూటల కంపు నాకు ముందే తెలుసక్కా అంది. అది మూటలది, ఇది నాది, అంది.

అప్పుడు చెప్పాను. నాలుగేళ్ళలో మొదటిసారి ఒక మనిషితో. నాకు వాసనే తెలియదు, ఆ రోజు నా ఉద్యోగం కోసం అబద్ధం చెప్పాను, ఇన్నాళ్ళూ నీ మొహం చూసే పాస్ చేశాను అని. ఏడుస్తూ చెప్పాను.

కదిరమ్మ నవ్వింది. నన్ను ఓదార్చే నవ్వు.

"నా అవస్థ చూల్లేక అట్లంటాండావు. నీ ముక్కు యాపొద్దన్నా తప్పు చెప్పిందా అక్కా?"

లహరి మీద ఒట్టు వేయబోయాను. బిడ్డ మీద అట్లాంటి ఒట్లు వద్దని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, తన చెయ్యేనని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

ఆమెకు ఏమీ తెలియదు. నా గుట్టు దాచింది అనుకుని నేను మొక్కుతున్నాను, ఆమె తన ముక్కును కాదని నా మాట నమ్మింది. అడుగు మూటల్లో బూజును దూరం నుంచి పట్టిన ముక్కును.

కాసేపటికి తనే దగ్గరికి జరిగింది. చెయ్యి చాపింది.

"ఇప్పుడే పోసుకొని వచ్చినా. చూసి చెప్పు. ఇంకా ఉండాదా?"

వంగాను. మూట మీద వంగినట్టే వంగి, గట్టిగా పీల్చాను. లేదు, అన్నాను.

కదిరమ్మ మొహం తేటపడింది. రేపట్నుంచి పనికి వస్తానంది.

డిసెంబర్ 1

కదిరమ్మ వస్తోంది. బల్ల దగ్గరికి పోయే ముందు రోజూ నా ముందు ఆగి చెయ్యి చాపుతుంది. వాసన చూస్తాను. లేదంటాను. అప్పుడే పోయి కూర్చుంటుంది.

ఈ రోజు ఆమె వెనక గంగాదేవి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ముగ్గురు. అందరూ చేతులు చాపి.