నాలుగుసార్లు జాడించాలి

చిట్టితల్లీ, మన బుడంకాయ ఒళ్ళు తేటపడింది. మెడ కింద ఒక్క పొక్కు లేదు. చంకల్లో ఎరుపు లేదు. మోకాళ్ళ వెనక గోక్కున్న గాట్లు మానిపోయి లేత చర్మం వచ్చింది. ముందు ఈ ముక్క రెండుసార్లు చదువుకుని, మంచినీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు. మిగతాదాని నిండా కోపమే ఉంది.

ఇక్కడ అమ్మా, నేనూ, నీ కూతురూ ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ వేళకి తిని, వేళకి పడుకుంటున్నారని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. మధ్యలో ఎవరినైనా తిడితే ఏమీ అనుకోకు. ఈ నెల రోజుల్లో నాకు ఎదురుపడిన ప్రతి మనిషి మీదా కోపంగానే ఉంది.

పిల్ల నిద్రపోతోందా అని అడిగావు. నిన్న మధ్యాహ్నం పడుకున్నది సాయంత్రం దాకా కదల్లేదు. ఇన్నాళ్ళూ గోక్కుని గోక్కుని లేచి ఏడ్చిన పిల్ల ఒక్కసారి అంతసేపు పడుకునేసరికి మీ అమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అదేం పిరికితనమని దాన్ని కసిరి, అది వంటింట్లోకి వెళ్ళాక నేను మూడుసార్లు చూశాను. లేచి నవ్వింది తల్లీ. నీ కూతురు లేచీ లేవగానే నవ్వింది. ఆ నవ్వు చూసి మంచం పట్టీ మీద కూర్చుని నేను ఏడ్చాను. ఏడ్చానని ఎవరికీ చెప్పకు.

ఏం మందు వాడారు అని అడిగావు. ముందు మీ పిన్ని సంగతి చెప్పాలి. ఒళ్ళు ఎర్రబడిన రెండో రోజే వచ్చి, నేను చూసేలోపు నిమ్మరసం పూసేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"మంట పుట్టిందంటే పని చేస్తున్నట్టే బావగారూ" అంది.

"అయితే నీ కళ్ళలో పిండుకో. చూపు బ్రహ్మాండంగా పని చేస్తుంది" అన్నాను.

మూతి ముడుచుకుని వెళ్ళింది. మర్నాడు పళ్ళపేస్టు పట్టుకుని మళ్ళీ తయారు. చల్లగా ఉంటుందట. పళ్ళున్న చోట రాసుకోమని చెప్పి గుమ్మం దగ్గరనుంచే సాగనంపాను.

వీధి చివర మందుల షాపు వాడు ఇంకా ఘనుడు. పిల్ల వయసు అడగలేదు. నా మాట సగం కూడా వినకుండా ఒక ట్యూబు నా చేతిలో పెట్టి, "దురదకి దీన్ని మించింది లేదు తాతగారూ" అన్నాడు. మూడు రోజులు రాస్తే తగ్గినట్టే తగ్గింది. ఆపగానే రెట్టింపై లేచింది. తర్వాత నర్సమ్మ ఆ ట్యూబు చూసి తల పట్టుకుంది. అది చాలా ఘాటు మందట, డాక్టరు చూసి రాసిస్తే తప్ప పసిపిల్లలకి ముట్టించకూడదట. నేను తిన్నగా షాపుకి వెళ్ళి పదిమందిలో వాడిని దులిపేశాను. తల వంచుకుని విన్నాడు. ఇంటికి వచ్చాక కూడా చల్లారలేదు. స్టూలుని తన్నాను. కాలి వేలు వాచింది. స్టూలుకి ఏమీ కాలేదు.

ఇక ఆ నర్సమ్మ సంగతి. నెలనెలా పిల్లల్ని తూచడానికి వస్తుందే, ఆవిడే. పిల్ల గౌను విప్పి, కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం తేటగా ఉంది. అరచేతులు తేటగా ఉన్నాయి. బట్ట రాసుకునే చోటల్లా ఎరుపు. విప్పిన గౌను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపింది.

"ఈ ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారండీ" అని అడిగింది.

"నేనే" అంది మీ అమ్మ.

ఆ ముక్క కిందటి ఉత్తరంలోనే నీకు చేరింది.

అప్పటినుంచి ఆవిడ చెప్పినట్టే చేస్తున్నాం. గోరువెచ్చని నీళ్ళతో నాలుగు నిమిషాల స్నానం, అంతే. ఒంటికి సబ్బు లేదు. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. ఒళ్ళు ఇంకా తడితడిగా ఉండగానే వాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా రాయాలి. పౌడరు వద్దు, సెంటు నూనెలు వద్దు. దురద పుట్టినప్పుడు చల్లటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ వేసి కాసేపు ఉంచాలి. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి, వదులు నూలు గౌన్లే వేయాలి. జ్వరం వచ్చినా, చీము పట్టినా, పొక్కుల్లో నీరు చేరినా, ముఖమో పెదాలో వాచినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తుకు రమ్మంది. అలాంటివేవీ రాలేదు. ఎనిమిదో రోజుకి ఎరుపు వాడింది. పన్నెండో రోజుకి పిల్ల పిల్లలా అయింది. ఈ సంతోషంలో వీధి వీధంతా తిరిగి చెప్పాను. కూరగాయల బండివాడికి రెండుసార్లు చెప్పానట, వాడే గుర్తుచేశాడు.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి సంగతి. ఒకటో తారీఖున వియ్యపురాలు గారు వచ్చి పిల్లని తీసుకెళ్తారని రాశావు. నీ శిక్షణ పూర్తయ్యేదాకా వాళ్ళింట్లోనే ఉంచుతానన్నావు. "పసిదాని బట్టలు జాడించడం కూడా చేతకాని చేతుల్లో నా బిడ్డని పెట్టాను" అన్నావు.

మీ అమ్మకి ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తానని నీకు తెలుసు కదా. ఆ వాక్యం దగ్గరకి వచ్చేసరికి నా నోరు ఆగింది. దాటేసి కింది లైను అందుకున్నాను.

"ఏదో మింగేశారు. చదవండి" అంది.

చదివాను. అది లేచి వెళ్ళి బుడంకాయ గౌన్లు ఒక్కొక్కటీ మడతపెట్టి సంచిలో సర్దింది. ఒకటో తారీఖుకి ఇంకా పదకొండు రోజులుంది తల్లీ. అప్పుడే సర్దేసింది.

చిట్టితల్లీ, ఆ బట్టలు ఉతికింది మీ అమ్మ కాదు. నేను.

నువ్వు పిల్లని దింపి వెళ్ళిన రోజునుంచి దాని బట్ట ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. ముప్పై రెండేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికినవాడిని, నా మనవరాలి గౌను నాకంటే తెల్లగా ఎవరు ఉతుకుతారని పొగరు. బకెట్టు నీళ్ళలో గుప్పెడు సోడా, మూత నిండా బ్లీచింగు, పైన వాసన మందు. మీ అమ్మ మొదటి రోజే చెప్పింది, "చంటిదాని గుడ్డలకి అంత ఘాటెందుకండీ" అని. "నాకు నేర్పుతావా" అని అరిచాను. లాండ్రీలో మిషను నాలుగుసార్లు జాడించి మందంతా వదిలించేది. ఇంట్లో నడుం నొప్పని ఒక్కసారి ముంచి, పిండి, తీగ మీద వేసేవాడిని. ఆ మందంతా బట్టలోనే ఉండి పసిదాని ఒంటిని తినేసింది. నర్సమ్మ అడిగినప్పుడు నేను ఎక్కడున్నాననుకున్నావు? పెరటి తలుపు వెనక, అదే బకెట్టు చేతిలో పట్టుకుని. మీ అమ్మ "నేనే" అంది. నేను బయటికి రాలేదు.

అంతటితో ఆగలేదు. "సరిగ్గా జాడించలేదు, తప్పు నాదే అని పిల్లకి రాయండి" అని చెప్పింది. నా చేత్తోనే రాశాను. కిందటి ఉత్తరంలో ఆ అక్షరాలు నావేనని నువ్వు గమనించే ఉంటావు. అబద్ధం కూడా నాదే.

సంచి సర్దిన రోజు అడిగాను, ఎందుకు మీద వేసుకున్నావని.

"మీకు ఆ పనొక్కటే గొప్ప. అది కూడా పోతే ఏం మిగులుతుంది మీకు? నాకైతే మాటలు పడటం అలవాటే" అంది.

అలవాటట. ఎవరు చేశారు ఆ అలవాటు? నలభై ఏళ్ళు అరిచి అరిచి నేనే చేశాను. మీ పిన్ని మీద, షాపు వాడి మీద, స్టూలు మీద చూపించిన కోపమంతా చేరాల్సిన చోటు ఒకటే. ఆ షాపు వాడు తల వంచుకునైనా నిలబడ్డాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

నీ మీదా కోపమే. వివరం అడక్కుండా అమ్మని అంత మాట అంటావా? నా పోలికే వచ్చింది నీకు. ఆ పోలిక మానుకో.

ఇప్పుడు కూడా నేనే ఉతుకుతున్నాను. వాసన లేని సబ్బు పొడి ఒక్క చెంచా, నాలుగుసార్లు జాడింపు. మీ అమ్మ పక్కన పీట వేసుకుని పైకి లెక్క పెడుతుంది. మూడు దగ్గర లేవబోతే, "ఇంకోటి" అంటుంది. నోరెత్తకుండా ముంచుతున్నాను. వియ్యపురాలు గారికి రావద్దని చెప్పు. లేదా రమ్మను, మనవరాలిని చూసి, మా ఇంట్లో నాలుగు రోజులుండి వెళ్తారు. సంచి మాత్రం విప్పించు. నేను చెబితే విప్పడం లేదు.

ఇట్లు,
నీ మీద కోపంతోనూ, నీ కూతురిని చూసి పట్టలేని సంతోషంతోనూ,
మీ నాన్న.

పిల్లకి తగ్గిందనీ, తప్పు ఎవరిదనీ, రెండూ కలిపి చెప్పాల్సినవాళ్ళు:

అల్లుడుగారికి, ఈరోజే.

వియ్యపురాలు గారికి, ఫోను చేసి. నా మాటగానే చెప్పు, మెత్తబరచకు.

అన్నయ్యకీ, వదినకీ. అమ్మకి మతిమరుపు వచ్చిందేమో అని వాడు అడిగాడు, వాడికి కాస్త గట్టిగా చెప్పు.

మీ మామయ్యకి. చెల్లెలి గురించి నా దగ్గర తలదించుకుని మాట్లాడాడు, పాపం.

మా అక్కయ్యకి. ఆవిడకి చెబితే మిగతా చుట్టాలకి నువ్వు చెప్పక్కర్లేదు.

పిన్నికి నేనే వెళ్ళి చెబుతాను. ఆ రోజు ఎంత నిమ్మరసం పిండుతుందో పిండనీ.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించలేదు. వింటే చింపేస్తుంది. పోస్టు డబ్బాలో వేసి వచ్చాక చెబుతాను.