పచ్చబొట్టు చోటు

అమ్మా,

ఈ రోజు నీ సంవత్సరీకం. కోదాడ నుంచి మీ అక్క వచ్చింది. నీ మనవరాలు చిన్నికి తలస్నానం చేయిస్తూ, పొట్ట మీద షుగరుకి పెట్టిన ఇన్సులిన్ పంపు ప్లాస్టరు చుట్టూ చర్మం పొక్కిపోయి ఉండటం చూసింది. పాపం, ప్రాణం ఆగక కొబ్బరినూనె రాసింది. ఆ జిడ్డుకి ప్లాస్టరు జారి, మందు వెళ్లే గొట్టం ఊడిపోయింది. మేం చూసేసరికి షుగరు పైకెక్కింది.

నేను నోరు తెరిచేలోపే చిన్ని అడ్డుపడింది. "కోదాడ అమ్మమ్మను తిట్టకమ్మా. నూనె రాస్తె జర దురద తగ్గింది."

పంపు పెడితే చర్మం పొక్కుతుంది. తీసేస్తే పూటపూటకీ సూది. చోటు మారుస్తూ ఉండమన్నారు సూర్యాపేట డాక్టరు. పొట్ట, తొడలు, కుడి జబ్బ, ఎక్కడ చూసినా ఎర్రగా ఉంది. ఎడమ జబ్బను మాత్రం ఇన్నాళ్లూ చిన్ని ముట్టనివ్వలేదు. నీకు తేలు పచ్చబొట్టు ఉన్నచోటే తనూ రోజూ పెన్నుతో తేలు గీసుకుంటుంది.

కొత్త ప్లాస్టరు పట్టుకుని నేను చోటు వెతుకుతుంటే, తనే గౌను చేయి పైకి లాగింది.

"ఇగ జాగ లేదు కదమ్మా. గీడనే పెట్టు."

స్పిరిటు దూదితో తేలును తుడిచేశాను. తను గోడ మీది నీ ఫొటోకి వీపు పెట్టి నిలబడింది.

"అమ్మమ్మకు చెప్పకు" అంది.